అశ్వముల రోమపాతము: నామమునకు ముందు నిదానము

అశ్వశాస్త్ర గ్రంథములను గూర్చి వ్యాసములు వ్రాయువారిలోను, వానిని తెనిగించువారిలోను ఒక అలవాటు కానవచ్చుచున్నది. గుర్రము మేన ఎచ్చటనైనను వెండ్రుకలు రాలి చర్మము బయల్పడినచో దానికి ‘ఇంద్రలుప్తము’ అని పేరు పెట్టుదురు. తెలుగున ‘పేనుకొరుకుడు’ అని అర్థము వ్రాయుదురు. ఆ వెంటనే సుశ్రుతసంహిత నుండియో, అష్టాంగహృదయము నుండియో మనుష్యులకై విధించిన యొక లేపమును, తైలమును ఉదాహరించి ప్రకరణమును ముగింతురు. పైకి ఇది బహుగ్రంథ పరిచయమువలె తోచును. విచారించినచో దీనియందు పదమునకు సంబంధించిన దోషము, నిదానమునకు సంబంధించిన దోషము, వీనికంటె గురుతరమైన ప్రాణిహాని అను మూడును కలవు. ఈ మూడింటిని విద్వాంసుల దృష్టికి తెచ్చుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

మొదట పదవిచారము. సుశ్రుతాచార్యుడు నిదానస్థానమున క్షుద్రరోగములలో ఇంద్రలుప్తమును పేర్కొనెను. వాతముతో కూడిన పిత్తము రోమకూపములను చేరి వెండ్రుకలను రాల్చును. పిదప రక్తముతో కూడిన కఫము ఆ కూపములను అడ్డగించుటచే క్రొత్తవి మొలవవు. ఇది ఆయన చెప్పిన సంప్రాప్తి. ఖాలిత్యము, రుజ్య అనునవి దీనికి పర్యాయములుగా చెప్పబడినవి. ఇంద్రలుప్తము మీసగడ్డములయందు, ఖాలిత్యము శిరస్సునందు, రుహ్య సర్వదేహమునందు కలుగునని వ్యాఖ్యాతలలో ఒక పక్షము స్థలభేదమును గూడ చెప్పినది. కావున మనుష్య విషయముననే ఈ పదము సర్వవిధ రోమపాతమునకు వాచకము కాదు. దురద, పొలుసు, పుండు లేక వెండ్రుకలు రాలి మరల మొలవని స్థితికి మాత్రమే అది చెల్లును. దురదతోను, మండలాకారముతోను కూడినది దద్రువు. తీవ్రమైన కండూతితో, స్రావముతో కూడిన పిడకలు పామ. ఈ రెండును కుష్ఠభేదములలో చేరినవి. దద్రువును సుశ్రుతుడు మహాకుష్ఠములలోను, చరకుడు క్షుద్రకుష్ఠములలోను లెక్కించిన భేదము పాఠకులకు తెలిసినదే.

మన తెలుగుభాష ఈ విషయమున సంస్కృతమునకు తీసిపోలేదు. తామర, గజ్జి, పేనుకొరుకుడు అను మూడు మాటలు పల్లెలలో అందరి నోళ్లయందును ఉన్నవి. దద్రువు తామర, పామ గజ్జి, ఇంద్రలుప్తము పేనుకొరుకుడు. అక్షరజ్ఞానము లేని గుర్రపువాడు సైతము ఈ మూటిని కలిపి మాట్లాడడు. నిఘంటువులు చేతనున్న మనము వానిని ఒకే మాటలో కలిపివేయుట ఉచితము కాదు. ఇందొక వింత కలదు. మనుష్యులకు వచ్చు పేనుకొరుకుడునకును పేనునకును ఏ సంబంధమును లేదు. దేహమందలి రక్షకకణములే వెండ్రుకల కుదుళ్లను శత్రువులుగా భావించి దాడి చేయుటచే అది కలుగునని నేటి వైద్యము నిర్ణయించినది. గుర్రములకో, నిజముగా పేలుపట్టి జూలు మొదళ్లలో వెండ్రుకలు ఊడుట కలదు. మనుష్యునియందు అసత్యమైన పేరు గుర్రమునందు ఒక్కొక్కప్పుడు సత్యమగుచున్నది! నామమును నమ్మి నిదానమును వదలినవారు ఇట్టి చోటనే పొరపడుదురు.

ఇక గుర్రమునకు వెండ్రుకలు రాలుటకు గల హేతువులను క్రమముగా చూతము. ముందుగా గుర్రపు పిల్ల. దీనికే సంస్కృతమున కిశోరమని పేరు. నేడు బాలురకు వాడు ఈ మాటకు మూలార్థము గుర్రపు పిల్లయే. కౌటిల్యుని అర్థశాస్త్రమున అశ్వాధ్యక్ష ప్రకరణమునందు ఈ అర్థమే కలదు.

కిశోరమునకు పుట్టుకతో వచ్చిన నూగు సుమారు 3, 4 మాసముల వయస్సున రాలి దాని చోట క్రొత్త రోమము వచ్చును. అది తరచు కన్నుల చుట్టును, ముఖమునందును మొదలగును. ఆ సమయమున పిల్ల అంద విహీనముగా, అచ్చటచ్చట బోడిగా కానవచ్చును. చర్మము స్వచ్ఛముగా నుండి, క్రింద క్రొత్త వెండ్రుకలు కానవచ్చుచున్నచో అది వ్యాధి కాదు. ఏ ఔషధమును అక్కరలేదు. రెండవది అతిసారము వలన కలుగునది. పుట్టిన 1, 2 వారములలో చాల పిల్లలకు విరేచనములు పట్టును. ఆ ద్రవము పిరుదులపైనను, తొడల వెనుకను అంటి చర్మమును కాల్చి వెండ్రుకలను రాల్చును. గోరువెచ్చని నీటితో మెత్తగా కడిగి, తడి లేకుండ అద్ది, వాసెలిన్ వంటి జిడ్డు పూసినచో చర్మము రక్షింపబడును. విరేచనములు ఆగిన పిదప రోమము తానే వచ్చును. ఇచ్చట చూడవలసినది బోడితనము కాదు, పిల్ల పాలు త్రాగుచున్నదా లేదా అనునదే. అది నీరసించి తల్లిపొదుగును విడిచినను, జ్వరము వచ్చినను గంటల వ్యవధిలో ప్రాణాపాయము కలుగవచ్చును. వెంటనే పశువైద్యుని పిలువవలయును. మూడవది జ్వరశేషము. తీవ్రమైన జ్వరము, ఊపిరితిత్తుల వ్యాధి మొదలగు వానినుండి కోలుకొన్న కొన్ని వారములకు పిల్లలకును, పెద్దవానికిని రోమము గుత్తులుగా ఊడును. దురద యుండదు. మంచి మేత, కాలము, ఇవియే దీనికి చికిత్స.

నాలుగవది, అన్నిటికంటె తరచుగా పొరపాటునకు తావిచ్చునది, తామర. దీనికి కారణము ట్రైకోఫైటాన్ ఈక్వినమ్ మొదలగు శిలీంధ్రములు. పిల్ల గుర్రములకును, కొలది యేండ్ల వయస్సు గలవానికిని ఇది ఎక్కువగా పట్టును. ఏలయన వాని దేహమునకు ఇంకను ఆ శిలీంధ్రమును ఎదుర్కొను శక్తి అలవడియుండదు. మొదట వెండ్రుకలు చిన్న గుత్తులుగా నిక్కపొడుచుకొనును. కొలది దినములకు అవి ఊడి, గుండ్రని, పొలుసుగల మచ్చలేర్పడును. జీను, దానిని కడుపు క్రింద బిగించు పట్టీ ఒరయు చోట్ల ఇవి అధికము. సాధారణముగా 1 మొదలు 4 మాసములలో దానంతట అదియే తగ్గును. ఈ కారణముచేతనే లోకమున ఎన్ని పూతలకో తామరను మాన్పిన కీర్తి దక్కినది! అయినను చికిత్స చేయుట మంచిది. ఏలయన అది శాలలోని ఇతర గుర్రములకును, వానిని తోముచుండు మనుష్యులకును, వారి యింటి పిల్లలకును వ్యాపించును. శిలీంధ్రనాశక ద్రవములతో దేహమంతయు కడుగుట, సున్నము గంధకము కలిపి కాచిన ద్రావణమును తగుపాళ్లలో వాడుట, వ్యాధి గల గుర్రమును వేరుగా కట్టుట, దాని జీను, దుప్పటి, బ్రష్షు మరియొకదానికి వాడకుండుట, చేతికి తొడుగు ధరించుట అనునవి ముఖ్యము. శిలీంధ్రబీజములు గుర్రపుశాల కొయ్యలయందును, జీనులయందును నెలల తరబడి జీవించియుండును. లోపలికి ఇచ్చు ఔషధములలో గ్రిసియోఫుల్విన్ చూలు గల గుర్రమునకు ఇయ్యరాదు.

ఇచ్చట ప్రాచీనుల దృష్టి స్మరింపదగినది. కుష్ఠము మొదలగు వ్యాధులు గాత్రసంస్పర్శచేతను, కలిసి భుజించుటచేతను, ఒకే శయ్యాసనములను వాడుటచేతను, వస్త్రమాల్యానులేపనములచేతను ఒకరినుండి యొకరికి సంక్రమించునని సుశ్రుతాచార్యుడు కుష్ఠనిదానము చివర చెప్పెను. దద్రువు కుష్ఠభేదమగుట చేత ఈ నియమము దానికిని చెల్లును. వస్త్రమునకు దుప్పటిని, ఆసనమునకు జీనును అన్వయించుకొన్నచో నేటి పశువైద్యుడు చెప్పుదానికి దీనికి భేదమేమి? సంహితలనుండి అశ్వచికిత్సకు తీసికొనదగినది ఇట్టి సూత్రము. మనమో, సూత్రమును వదలి పూతను తీసికొనుచున్నాము.

పెద్ద గుర్రములయందు హేతువులు ఇంకను హెచ్చు. ఎడతెగని వానలో తడిసిన గుర్రమునకు వీపుపైన, నడుముపైన కుంచెవలె అంటుకొన్న వెండ్రుకలతో పెచ్చులు కట్టి ఊడును. ఇది డెర్మటోఫిలస్ అను సూక్ష్మజీవి పని. చూచుటకు తామరవలె నుండును గాని శిలీంధ్రము కాదు. దానికి ప్రధాన చికిత్స పొడిగా నుంచుట, పెచ్చులను నానబెట్టి మెల్లగా తీసి క్రిమినాశక ద్రవముతో కడుగుట. జిడ్డు తైలములు దట్టముగా పూయుట తడిని లోపల బంధించుటయే యగును. జూలును, తోకమొదలును రాచుకొని రాచుకొని రోమమును పోగొట్టుకొను గుర్రములు కలవు. వానిలో కొన్నిటికి కారణము సంధ్యవేళల తిరుగు చిన్న దోమజాతి కీటకముల కాటు పడకపోవుట. ఇట్టివానిని ఉదయ సాయంకాలములయందు శాలలో నుంచి గాలి విసరునట్లు చేసిన చాల మేలు. ఆ కీటకములు గాలికి ఎదురుగా ఎగురలేవు. తోకమొదలు మాత్రమే రాచుకొనుచున్నచో ఆసనద్వారమున గ్రుడ్లు పెట్టు సన్నని పురుగులు కారణము కావచ్చును. దానికి బాహ్యలేపమువలన ప్రయోజనమేమి? పేలు పట్టినచో వెండ్రుకలను విడదీసి వెలుతురున చూచిన కంటికి కానవచ్చును. గ్రుడ్లు పొదుగుటకు వ్యవధి యుండుట చేత 2 వారముల యెడముతో రెండుమారులు మందు వాడవలయును. గజ్జి పురుగులైనచో చర్మమును గీకి సూక్ష్మదర్శినితో చూడనిదే తెలియదు. బోడి మచ్చలు కాక, వరుసగా గడ్డలు లేచి పగిలి పుండ్లగుచున్నచో గ్లాండర్స్ అను ఘోరవ్యాధి యని శంకింపవలయును. అది మనుష్యులకును ప్రాణాంతకము. 2009 సంవత్సరపు జంతు అంటువ్యాధుల చట్టము ననుసరించి ప్రభుత్వ పశువైద్యశాలకు తెలియజేయవలసినది.

ఆహారజన్యమైన రోమపాతము ప్రత్యేకముగా గమనింపదగినది. పంజాబున హోషియార్‌పూర్ ప్రాంతమునందువలె నేలలో సెలీనియము హెచ్చుగా నున్నచోట మేసిన పశువులకు రోమము రాలి గిట్టలు పగులును. గుర్రమునకైనచో జూలును, తోకయు ఊడును. మన కృష్ణా, గుంటూరు, ప్రకాశము ప్రాంతములయందు కాగితపు మిల్లులకై పెంచు సుబాబుల్ ఆకులయందు మైమోసిన్ అను విషాంశము కలదు. ఆవులు, మేకల కడుపులో దానిని విరుగగొట్టు సూక్ష్మజీవులు నెలకొనవచ్చును. గుర్రమునకు ఆ సదుపాయము లేదు. పశువులు మేయుచున్నవి కదా యని గుర్రమునకును ఆ ఆకు వేసినచో జూలు, తోక ఊడిపోవును. మేత మార్చుటయే దీనికి మొదటి చికిత్స. సుబాబుల్ అమెరికా ఖండమునుండి మన దేశమునకు వచ్చిన చెట్టు. అమరమునందు కాని, ఏ ప్రాచీన నిఘంటువునందు కాని దానికి పేరు లేదు. అట్టి హేతువువలన కలిగిన రోమపాతమునకు శాస్త్రగ్రంథమునందు సిద్ధముగా నున్న నామమును వెదకి అతికించుట ఎట్లు పొసగును?

ఇంతవరకు చెప్పినది పేరు తప్పిన కలుగు కాలహరణము. ఇక హాని. సారకాయిడ్ అను చర్మార్బుదము గుర్రములకు వచ్చును. దానిలో ఒక భేదము మొదట కేవలము గుండ్రని బోడి మచ్చగా, కొంచెము గరుకుగా కానవచ్చును. చూపరులు తామర యనియే తలతురు. దానిని కదలింపక వదలినచో ఏండ్ల తరబడి అట్లే యుండవచ్చును. గీకినను, ఘాటైన మందులు పూసినను అది రెచ్చి, వేగముగా పెరిగి, వ్రణమగును. ఇప్పుడు సుశ్రుతుని ఇంద్రలుప్త చికిత్సను స్మరింపుడు: సిరావేధము, ప్రచ్ఛానము, అనగా చర్మమును గీరుట, పిదప మిరియము, మనశ్శిల, కాసీసము, తుత్థము కలిపిన లేపము, లేదా గుంజాలేపము. మనుష్యుని తలపై, వైద్యుని కనుసన్నలలో, నిజమైన ఇంద్రలుప్తమునకు చెప్పబడిన ఈ విధి, గుర్రము మేనియందలి సారకాయిడుపై ప్రయోగింపబడినచో ఏమగునో వేరుగా చెప్పనక్కరలేదు. మనశ్శిలయందు పాషాణము కలదు. తుత్థము మైలతుత్తము. గుంజ మన గురివింద. దాని గింజలోని విషము రక్తమున కలసినచో పశువులను చంపును. గుర్రము తన మేనిని తానే నాకుకొను, కొరుకుకొను ప్రాణి. ప్రక్కనున్న గుర్రమును గూడ కొరికి గోకును. మనుష్యునకు బాహ్యలేపమైనది దానికి అంతఃపానమగును.

మరియొక యోగము. అదే ప్రకరణమున అభ్యంగమునకై మాలతి, కరవీరము, చిత్రకము, నక్తమాలము అనువానితో పక్వమైన తైలము చెప్పబడినది. కరవీరము మన గన్నేరు. అమరము వల్లెవేసిన ప్రతి విద్యార్థికిని వనౌషధివర్గమున కరవీరమునకు గల పర్యాయములు కంఠస్థములే. వానిలో ‘హయమారకము’ ఒకటి. గుర్రములను చంపునది యని దాని వ్యుత్పత్తి. ఇది కవిసమయము కాదు. కొలదిపాటి గన్నేరు ఆకులు తిన్నను గుర్రము గుండెలయ తప్పి మరణించునని నేటి పశువైద్యము రూఢిగా చెప్పుచున్నది. హయమారకముతో కాచిన తైలమును హయచికిత్సగా వ్రాయువాడు, తాను పసితనమున కంఠస్థము చేసిన పదమునకు అర్థమును విచారింపలేదనియే చెప్పవలయును. మన కోశము హెచ్చరించుచుండగా మన వ్యాఖ్య ఆ హెచ్చరికను దాటిపోయినది.

దీనికి కొందరు సమాధానము చెప్పుదురు. త్రిదోషసిద్ధాంతము సర్వప్రాణి సాధారణము. కావున మనుష్యునకు చెప్పినది మాత్రాభేదముతో గుర్రమునకును చెల్లును అని. సిద్ధాంతము సాధారణమైనను ప్రయోగము సాధారణము కాదు. అట్లైనచో శాలిహోత్రసంప్రదాయము ఎందుకు పుట్టినది? జయదత్తుడు అశ్వవైద్యకమును, నకులుని పేర నున్న గ్రంథకర్త అశ్వచికిత్సితమును వేరుగా ఎందుకు రచించిరి? పాలకాప్యుని హస్త్యాయుర్వేదము ఎందుకు? గుర్రము, ఏనుగు, మనుష్యుడు వేరువేరని ఎరిగియే ఆ మహనీయులు వేరువేరు శాస్త్రములను నిర్మించిరి. ఆ భేదమును చెరిపివేసి మనుష్య సంహితనుండి ఖాళీలను పూరించుట సంప్రదాయ రక్షణము కాదు, సంప్రదాయోల్లంఘనమే.

మరియు చరకాచార్యుడు సూత్రస్థానమున రోగమును ముందు పరీక్షించి, ఆ తరువాతనే ఔషధమును విచారింపుమనెను. త్రిశోథీయాధ్యాయమున అంతకంటె సాహసమైన మాట చెప్పెను: వ్యాధికి పేరు చెప్పలేకపోయినందుకు వైద్యుడు ఎన్నడును సిగ్గుపడనక్కరలేదు; సర్వవ్యాధులకును నియతమైన నామములు లేవు; ప్రకృతిని, అధిష్ఠానమును, సముత్థానమును తెలిసికొనుటయే ప్రధానము. నామము తెలియకపోవుట వైద్యునకే లజ్జాకరము కానప్పుడు వ్యాఖ్యాతకు, అనువాదకునకు ఏల కావలయును? ‘రోమపాతము, మూలమున హేతువు స్పష్టము కాదు’ అని వ్రాయుట అజ్ఞానము కాదు, ప్రామాణికత.

కౌటిల్యుడు ఈ విషయమున మనకంటె కఠినుడు. గుర్రపుశాలలో ప్రతి గుర్రమునకు వేరు మేతతొట్టి యుండవలెననియు, మలమూత్రములు వెలికి పోవు దారి యుండవలెననియు, పెంటి గుర్రములను, బీజాశ్వములను, కిశోరములను వేరువేరుగా నుంచవలెననియు విధించెను. తామరకును, పేలకును ఇంతకంటె మంచి నివారణోపాయము లేదు. కిశోరమునకు 6 మాసములవరకు పాలు, నేయి, పేలపిండి కొలతలతో నిర్ణయించెను. అన్నిటికంటె ముఖ్యము, చికిత్సాలోపమువలనను, ఔషధలోపమువలనను వ్యాధి పెరిగినచో వ్యయమునకు రెట్టింపు దండమును, అందువలన గుర్రమునకే చేటు కలిగినచో దాని వెలను దండముగాను విధించెను. ఆ చేటునకు ఆయన వాడిన పదము ‘వైలోమ్యము’. రోమమునకు ఎదురుగా పోవుట యని దాని యవయవార్థము. మన లేఖనములకు అట్టి దండము లేదు గనుకనే మరింత జాగరూకత కావలయును.

ఇది కేవలము గ్రంథస్థ విషయము కాదా, గుర్రములు నేడెక్కడ కలవని అడుగవచ్చును. విశాఖ మన్యమున దారిలేని గూడెములకు బరువులు మోయునవి గుర్రములే. సముద్రతీరమున పిల్లలనెక్కించుకొని తిరుగునవి, పెండ్లి ఊరేగింపులకు వచ్చునవి, హైదరాబాదు పందెములకు పరుగెత్తునవి కలవు. పందెపు గుర్రమునకు వైద్యులు కలరు. మన్యపు గుర్రమునకు, పెండ్లి గుర్రమునకు కలదు పేదవాడైన యజమాని ఒక్కడే. అతని బ్రదుకు దాని వీపుపై నున్నది. ప్రాచీనగ్రంథమున చెప్పబడినది అను మాటకు అతడిచ్చు గౌరవము గొప్పది. ఆ గౌరవమునకు తగిన బాధ్యత మనయందుండవలదా?

కావున నా విన్నపములు ఇవి. అశ్వశాస్త్రములను సంపాదించువారు, తెనిగించువారు వ్యాధినామమును మూలమున నున్నట్లే నిలిపి, లక్షణములను వేరుగా వివరింపవలయును. మనుష్యవ్యాధి నామమును దానిపై ఆరోపింపరాదు. 1886-87లలో కలకత్తాలో అచ్చైన అశ్వవైద్యకము, 1952లో తంజావూరు సరస్వతీమహలు ప్రకటించిన అశ్వశాస్త్రము, మన మనుమంచిభట్టు హయలక్షణ గ్రంథము మొదలగు వానిలోని వ్యాధిపదములకు ఒక పదకోశము కావలయును. అందు గుర్రపువాండ్ర నోట నున్న తెలుగుమాటలు తప్పక చేరవలయును. అట్టి అంశముపై పరిశోధన చేయు విద్యార్థికి సంస్కృతాధ్యాపకునితో పాటు ఒక పశువైద్యుని సలహా విధిగా ఉండవలయును. గన్నేరు, గురివింద, మనశ్శిల, మైలతుత్తము వంటి ద్రవ్యములు గల యోగములను అచ్చు వేయునప్పుడు అవి చరిత్రార్థము చెప్పబడినవే కాని ప్రయోగార్థము కావని అదే పుటయందు వ్రాయవలయును.

శాస్త్రమును నిలుపుట యనగా అందలి వాక్యములను నిలుపుట మాత్రమే కాదు, ఆ వాక్యములను పలికించిన వివేకమును నిలుపుట. కిశోరము మేన ఒక బోడి మచ్చ కానవచ్చినప్పుడు దానికి ఏ పేరు పెట్టుదమని కాక, దురద కలదా, పొలుసు కలదా, వానలో తడిసినదా, ఏమి మేసినది, ప్రక్కగుర్రమునకును ఉన్నదా అని అడుగుటయే చరకసుశ్రుతుల మార్గము. విజ్ఞులు పరిశీలింతురు గాక.